జర్మనీలో కొన్న డిన్ రెగ్యులేటర్ అండమాన్ స్కూబా డైవింగ్ సిలిండర్లకు సరిపోతుందా?

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాను. ఇక్కడ 300 బార్ (పీడన కొలమానం) డిన్ రెగ్యులేటర్, అంటే సిలిండర్ వాల్వులోకి మరతో బిగించే రకం శ్వాస పరికరం, కొన్నాను. డిసెంబరులో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు వెళ్తున్నాను. అక్కడ యోక్ వాల్వులే (రెగ్యులేటర్‌ను చట్రంతో పట్టి బిగించే రకం) ఎక్కువని విన్నాను. మరో ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం) కొనవలసిందేనా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం 1: అక్కరలేదండీ. డిన్ మరపై బిగించే యోక్ అడాప్టర్ ఒకటి చాలు. యోక్ అమరిక 232 బార్ వరకే పనికివస్తుంది గాని, సాధారణ అల్యూమినియం సిలిండర్‌ను నింపేది 207 బార్ వరకే కనుక ఇబ్బంది లేదు. అడాప్టర్ వల్ల ఫస్ట్ స్టేజ్ కాస్త తల వైపుకు జరిగి, తల ఎత్తినప్పుడు తగులుతుంది, అదొక చికాకు.

సమాధానం 2: అడాప్టర్ బిగించే ముందు వాల్వు నోరు పరిశీలించండి. మధ్యలో ఆరు పలకల గుంట కనిపిస్తే అది తీసివేయదగిన ఇన్సర్ట్ (వాల్వు నోట్లో బిగించిన చిన్న ముక్క). దుకాణంవారి అనుమతితో, వాల్వు మూసి ఉండగా, అలెన్ కీతో దాన్ని విప్పితే లోపల ఐదు చుట్ల డిన్ మర బయటపడుతుంది, మీ ఏడు చుట్ల రెగ్యులేటర్ అందులో నేరుగా బిగుస్తుంది. దీనికి విరుద్ధంగా, పొట్టి మర ఉన్న 200 బార్ రెగ్యులేటర్ లోతైన 300 బార్ వాల్వులో అడుగు దాకా చేరదు, గాలి కారిపోతుంది. యోక్‌లో ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) వాల్వుకు ఉంటుంది, డిన్‌లో రెగ్యులేటర్‌కే ఉంటుంది. కాబట్టి అదనపు ఓ-రింగులు మీరే తీసుకెళ్లండి.

సమాధానం 3: మీది నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న గాలి) కోసం ఐరోపాలో అమ్మే ఎం26 మర కాదు కదా? అది మామూలు డిన్ కంటే వెడల్పైనది, పై రెండు పద్ధతులూ దానికి కుదరవు.

ప్రశ్నించినవారు: మామూలు డిన్ మరేనండీ. అడాప్టర్ ఇక్కడే కొంటాను. ధన్యవాదాలు.