వీడియోకి సినిమా లుక్ రావట్లేదు: బాడీ మార్చాలా, లెన్స్ మార్చాలా?

షార్ట్‌ఫిల్మ్_పిచ్చి:
నా దగ్గర ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. 4కేలో తీస్తే షార్ప్‌గానే వస్తుంది కానీ సినిమాలా ఉండదు, న్యూస్ చానల్ బైట్‌లా ఉంటుంది. అవుట్‌డోర్ అయితే మరీ దారుణం. మనిషి చెయ్యి ఊపితే జెర్కులు కొడుతున్నట్టు కనిపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ బాడీ కొంటే సరిపోతుందా, లేక ఆ డబ్బు లెన్సుల మీద పెట్టాలా? రెండూ కొనే స్తోమత లేదండి.

ఫోకస్‌పుల్లర్:
బాడీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఏళ్ల తరబడి సినిమాలు తీసిన సూపర్ 35 అనే ఫిల్మ్ ఫ్రేమ్ వెడల్పు దాదాపు 25 మి.మీ. మీ సెన్సర్ దానికి కాస్తే తక్కువ. సెన్సర్ చిన్నదన్న బెంగ అక్కర్లేదు.

ఆ జెర్కులు షటర్ స్పీడ్ వల్ల. ఎండలో ఆటోలో వదిలేస్తే కెమెరా షటర్‌ని 1/1000 దాటించేస్తుంది. ఒక్కో ఫ్రేమూ చెక్కినట్టు పడుతుంది, చెయ్యి కదిలినప్పుడు రావాల్సిన బ్లర్ రాదు. 24 ఫ్రేములకి 1/50 పెట్టి ఇక దాన్ని ముట్టుకోకండి.

అలా పెడితే వెలుతురు ఎక్కువై ఫ్రేమంతా బర్న్ అవుతుంది కదా, దానికే ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు పెట్టే నల్లద్దం. నిండు ఎండలో ఐఎస్ఓ 100, షటర్ 1/100, ఎఫ్/16 దగ్గర ఎక్స్‌పోజర్ సరిపోతుంది. మీరు లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి చప్పగా రికార్డయ్యే ప్రొఫైల్) ఐఎస్ఓ 800 పెడితే మూడు స్టాపులు ఎక్కువ (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు), 1/50కి దిగితే ఒకటి, ఎఫ్/2.8కి తెరిస్తే ఐదు. మొత్తం తొమ్మిది స్టాపుల వెలుతురు ఆపాలి. 2-5 స్టాపుల వేరియబుల్ ఎన్‌డీ (తిప్పేకొద్దీ ముదిరే రకం) దీనికి చాలదు. చవక రకాన్ని చివరిదాకా తిప్పారంటే ఫ్రేమ్‌లో నల్లటి ఇంటూ గుర్తు కూడా ఫ్రీ!

మిగిలిన డబ్బుతో 35 మి.మీ. ఎఫ్/1.8 తీసుకోండి. మీ కెమెరాలో ఫుల్ ఫ్రేమ్ 50కి దగ్గరగా కనిపిస్తుంది. ఇంకోటి, ఎండ మనిషి మొహం మీద కాకుండా వెనక నుంచి పడేలా నిలబెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పాతలెన్సు:
హీలియోస్ 44-2 కూడా చూడండి బ్రో. 58 మి.మీ., ఎఫ్/2, ఎమ్42 మౌంట్. అడాప్టర్‌తో ఎక్కుతుంది. వెనక ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి, ఫోకస్ రింగ్ చేతికి బరువుగా తగులుతుంది. ఆ ఫీలే వేరు.

ఫోకస్‌పుల్లర్:
లెన్స్ మంచిదే, కానీ మొదటిదిగా వద్దు. ఏపీఎస్-సీలో అది ఫుల్ ఫ్రేమ్ 87 మి.మీ. లెక్క. చిన్న గదిలో ఇద్దర్ని ఫ్రేమ్‌లో పెట్టాలంటే మీరు గోడ అవతలికి వెళ్లాలి.

షార్ట్‌ఫిల్మ్_పిచ్చి:
నా కెమెరా 8-బిట్టే. అయినా లాగ్ వాడొచ్చా?

ఫోకస్‌పుల్లర్:
వద్దండి. 8-బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 10-బిట్‌లో 1024. లాగ్‌లో తీసి గ్రేడింగ్‌లో (రంగులు దిద్దేటప్పుడు) సాగదీస్తే ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. మామూలు ప్రొఫైల్‌లోనే కాంట్రాస్ట్ తగ్గించి, ఐఎస్ఓ 100లో తీయండి. అప్పుడు ఆపాల్సింది ఆరు స్టాపులే, ఒక్క ఎన్‌డీ64తో పని అయిపోతుంది. ఫిల్టర్ మాత్రం 77 మి.మీ.ది కొని స్టెప్-అప్ రింగ్ (చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ బిగించే రింగ్) పెట్టుకోండి, రేపు పెద్ద లెన్స్ కొన్నా అదే పనికొస్తుంది.