‘సేవ్’కు ‘దాచు’ సరిపోతుందా?

బరంపురం నుంచి:
స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లెక్కల పట్టికకు సహాయ పుటలు తెలుగు చేస్తున్నాం కదా. ‘సేవ్’కు నేను ‘దాచు’ అని రాశాను. రాయగడ అక్కయ్యగారు తమ పుటలో ‘హైడ్’కూ అదే రాశారు. ఫైలు దాస్తున్నాననుకొని మా అబ్బాయి నిలువు వరుసను దాచాడు. అంకెలన్నీ పోయాయని ఏడ్చినంత పని చేశాడు. అయినా ఆ మాట వదలబుద్ధి కావడం లేదు. అన్నమయ్య పాటలో ‘దాచుకో నీ పాదాలకు తగిన...’ అన్నచోట ఉన్నది భద్రపరచడమే కదా?

పర్లాకిమిడి నుంచి:
‘తగిన’ కాదు బాబూ, ‘దగ నే జేసిన పూజలివి’. ఆ ‘నే’ అంటే నేను. దాన్ని మింగేస్తే పూజ చేసినవాడే పల్లవిలోంచి వెళ్లిపోతాడు.

రాయగడ నుంచి:
మాష్టారూ, పాత రూపం ‘దాఁచు’. దాఁగుడుమూఁతల్లోని అరసున్నే ఇది. మరుగుపరచడమే మొదటి అర్థమని నా నమ్మకం. డబ్బు దాచడం దాని నుంచే వచ్చి ఉంటుంది. కాబట్టి ‘దాచు’ను ‘హైడ్’కే ఉంచండి.

జయపురం నుంచి:
ఒడియాలో ‘సాఇతిబా’ (భద్రపరచడం) వేరు, ‘లుచాఇబా’ (మరుగుపరచడం) వేరు. మా పిల్లలకు రెండూ తెలుసు. మనకు మాత్రం ‘పదిలపరచు’ లేదా?

పర్లాకిమిడి నుంచి:
గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ని, వాడుకను ఎలా కాదంటాను? కూలి డబ్బులో పదో పరకో ‘దాచుకున్నాం’ అంటే ఎవరూ పొరబడరు. అన్నమయ్య పాటల రాగిరేకులనే చూడండి. తిరుమల గుడిలోని అరలో పెట్టారు. శతాబ్దాలు లోకం కంట పెద్దగా పడలేదు, వేల పాటలు భద్రంగానూ మిగిలాయి. రెండర్థాలూ అక్కడే ఉన్నాయి. ఆ అర పేరు సంకీర్తన భాండారం. మన మూల ఫైళ్లుండే చోటుకూ ‘భాండారం’ అనే పేరు పెడదాం.

రాయగడ నుంచి:
పేరు బాగుంది. కానీ శతాబ్దాలు లోకం కంట పడకపోవడమే నా భయం! సహాయ పుట తెరిచినవారికి ఆ క్షణానే దారి దొరకాలి.

బరంపురం నుంచి:
అనువాదాలు రాసుకునే గెట్‌టెక్స్ట్ ఫైలులో ఒక్కో మాటకు సందర్భం రాసే వీలుంది. ఇద్దరి వాదనా అక్కడ చేర్చాను. ‘దాచు’ను ఇంకా మార్చలేదు. మాష్టారూ, తర్వాతి పాదం ‘పూచి నీకీ రీతి’ అనేనా?

పర్లాకిమిడి నుంచి:
‘నీ కీరితి’! కీర్తి రూపమైన పువ్వులు. ‘ఈ రీతి’ అని ఎక్కడ విన్నారు?

జయపురం నుంచి:
మా ఇంట్లో అమ్మ ‘ఈ రీతి’ అనే పాడేది, మాష్టారూ.