తమ్ముడూ, ముందు ట్రైలర్‌ని కాటా మీద పెట్టు, బండి సంగతి తర్వాత

ఫుడ్ ట్రైలర్ లాగడానికి 2015 నాటి పాత డీజిల్ పికప్ కొనాలా, కొత్త హాఫ్ టన్ను పెట్రోలు బండి (తేలిక రకం పికప్‌ను అక్కడ అలా అంటారు) కొనాలా అన్న నీ ప్రశ్న రాత్రి చదివాను తమ్ముడూ. నేనిప్పుడు గుంటూరులోనే ఉన్నాను, అమ్మకు కంటి ఆపరేషన్ అయితే నెల రోజులు సెలవు పెట్టి వచ్చాను. మంగళగిరి దగ్గర స్థలం అమ్మిన డబ్బు అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అలాంటి డబ్బు మళ్లీ మళ్లీ రాదు. డాలస్‌లో దిగి నాలుగు నెలలు కాకముందే దాన్ని తీసుకెళ్లి ఒక పాత డీజిల్ ఇంజన్‌లో పోస్తావేమోనని భయమేసింది, అందుకే పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నీకు ఇప్పటికే ముగ్గురు నలుగురు డీజిలే కొనమన్నారు. డీజిల్ ఇంజన్ లక్షల మైళ్లు పోతుంది, మన లారీలు చూడలేదా అంటున్నారు. లారీలు నేను చూస్తూనే పెరిగాను. మా నాన్నకు రెండు లారీలు ఉండేవి, మిర్చి యార్డులో టిక్కీలు ఎత్తుకుని మద్రాసు పోయేవి. బాడీ కట్టించినా, ఇంజన్ బోరుకొచ్చి దింపినా అంతా బెజవాడ ఆటోనగర్‌లోనే, సెలవుల్లో నాన్నతో పాటు నేనూ అక్కడే. మా ఇంటికి అన్నం పెట్టింది డీజిల్. ఆ మమకారంతోనే 2014లో మేమూ అక్కడ ఏడేళ్ల పాత డీజిల్ పికప్ కొన్నాం. ఏమైందో కింద చెబుతాను.

అంతకంటే ముందు, కొత్తగా వచ్చావు కాబట్టి ఒక మాట. అక్కడ గ్యాస్ అంటే పెట్రోలు. బెజవాడలో గ్యాస్ బండి అంటే మనకు సీఎన్‌జీ ఆటో గుర్తొస్తుంది, అది కాదు. బంకులో డీజిల్ నాజిల్‌కు చాలా చోట్ల ఆకుపచ్చ పిడి ఉంటుంది, కానీ రంగును నమ్మొద్దు, బీపీ బంకుల్లో ఆకుపచ్చ పిడి పెట్రోలుది. పంపు మీద రాసింది చదివి పట్టుకో. ఎప్పుడైనా పొరపాటున డీజిల్ బండిలో పెట్రోలు పోస్తే తాళం తిప్పకు, అక్కడి నుంచి తోయించి ట్యాంకు ఖాళీ చేయించు. స్టార్ట్ చేశావంటే పంపు, ఇంజెక్టర్లు పోవచ్చు.

డీజిల్ అంటే మన మనసులో చౌక. ఎందుకంటే ఇండియాలో 2014 అక్టోబరు దాకా డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది, ఇప్పటికీ లీటరుకు పెట్రోలు కంటే తక్కువే. అమెరికాలో తిరగేసి ఉంటుంది. ఫెడరల్ పన్నే గ్యాలన్‌కు పెట్రోలుకు 18.4 సెంట్లు, డీజిల్‌కు 24.4 సెంట్లు, పంపు దగ్గర ధర కూడా మామూలుగా డీజిల్‌దే ఎక్కువ. నీ లెక్కే వేద్దాం. ఏడాదికి 8,000 మైళ్లు, అందులో 3,000 మైళ్లు ట్రైలర్ లాగుతూ అనుకో. డీజిల్ గ్యాలన్‌కు లాగేటప్పుడు 12 మైళ్లు, ఖాళీగా 16 ఇచ్చిందనుకుంటే 560 గ్యాలన్ల చిల్లర. గ్యాస్ బండి 9, 18 ఇచ్చిందనుకుంటే 610 గ్యాలన్లు. పెట్రోలు 3 డాలర్లు, డీజిల్ 3.60 అనుకున్నా ఏడాదికి డీజిల్‌కే రెండొందల డాలర్లు ఎక్కువవుతోంది. ఆ పైన ఆయిల్ మార్చినప్పుడల్లా 10 నుంచి 13 క్వార్టులు (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) పడుతుంది, ఫ్యూయల్ ఫిల్టర్లు, డెఫ్ అనే ద్రవం వేరే, దాని సంగతి కింద చెబుతాను. అంటే మైలేజీ కోసం డీజిల్ అన్న మాట నీ తిరుగుడుకు సరిపోదు.

ఇంకో తేడా ఉంది, అదే మమ్మల్ని ముంచింది. నాన్న లారీల్లో పొగ సైలెన్సర్ గుండా తిన్నగా బయటికి పోయేది. అమెరికాలో 2007 నుంచి డీజిల్ బండ్లకు డీపీఎఫ్ వచ్చింది, మసిని పట్టి ఉంచే జల్లెడ లాంటిది. 2010 నుంచి వచ్చిన చాలా బండ్లకు దానికి తోడు డెఫ్, అంటే 32.5 శాతం యూరియా కలిపిన నీళ్లు, వేరే ట్యాంకులో పోయాలి. ఆ జల్లెడలో మసి నిండితే బండి దానంతటదే బాగా వేడెక్కించి కాల్చుకుంటుంది. కానీ అందుకు హైవే మీద ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా పరిగెత్తాలి. మేమేం చేశాం? ఇర్వింగ్‌లో ఇంటి నుంచి క్యాటరింగ్ వంటగదికి ఆరు మైళ్లు, పిల్లల స్కూలుకు రెండు మైళ్లు, కూరగాయల మార్కెట్టుకు నాలుగు. కాల్చుకోవడం మొదలయ్యేలోపే ఇంజన్ ఆపేసేవాళ్లం. పది నెలలకు డాష్‌బోర్డు మీద పసుపు లైటు వచ్చింది, అమ్మినవాడికి ఫోన్ చేస్తే అది మామూలే అన్నాడు, మేమూ మామూలే అనుకున్నాం.

ఒక శనివారం ఫ్రిస్కోలో పెళ్లికి మూడు వందల మందికి భోజనాలు. వెనక సాంబారు క్యాన్లు, పులిహోర ట్రేలు సర్దుకుని ఎక్కాం. హైవే మీద పదిహేను నిమిషాలు కాకముందే బండి బలం పడిపోయింది, యాక్సిలరేటర్ నేలకంటా తొక్కినా నలభై దాటదు, పక్కన ట్రక్కులు హోరెత్తుకుంటూ పోతున్నాయి. హజార్డ్ లైట్లు వేసుకుని పక్కకు తీసి, ఇద్దరు స్నేహితుల కార్లు పిలిపించి, ఆ ఎండలో రోడ్డు పక్కన సాంబారు క్యాన్లు బండి వెనక నుంచి వాళ్ల డిక్కీల్లోకి మార్చాం. ఒక క్యాను మూత ఊడి నా చీర మీద ఒలికింది, చెయ్యి బొబ్బలెక్కింది. పెళ్లివారికి గంటన్నర ఆలస్యం, ఆ అమ్మాయి తండ్రి మొహం ఇప్పటికీ మర్చిపోలేదు. షెడ్డు వాళ్లు డీపీఎఫ్, పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్ కలిపి 4,300 డాలర్లు వేశారు. బండిది తప్పని నేనను. మా పనికి ఆ బండి కాదు.

నీ పని చూడు. కమిసరీ, అంటే ఫుడ్ ట్రైలర్ల వాళ్లు వంట సిద్ధం చేసుకునే ఉమ్మడి వంటగది, అక్కడి నుంచి ట్రైలర్ పెట్టే చోటికి పన్నెండు మైళ్లు, వారానికి నాలుగు రోజులు అన్నావు. ఊళ్లో తిరుగుడే. పాత డీజిల్‌కు ఇంతకంటే చేటు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పొద్దున నాన్నకు నీ ప్రశ్న చదివి వినిపించాను. కంపెనీ ఏది, ఎన్నేళ్లది అని అడగలేదు. "లోడెంత?" అన్నారు. నువ్వు రాసింది చూసి ఐదు వేల పౌండ్లు అన్నాను. "కాటా వేయించాడా?" అన్నారు. వేయించలేదు కదా? తయారుచేసినవాడు చెప్పింది ఉత్త ట్రైలర్ బరువు. అందులోకి గ్రిల్లు, ఫ్రయ్యర్, ఫ్రిజ్ ఎక్కితే ఎనిమిది వందలు. నలభై గ్యాలన్ల మంచినీళ్లంటే 330 పౌండ్లు. వంద పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ నిండుగా ఉంటే బండతో కలిపి 170 దాకా తూగుతుంది, నీకు రెండు కావాలి. జనరేటర్, బియ్యం, నూనె, మాంసం, ఐసు. అన్నీ కలిపితే 7,000 దాటుతుంది, రాసిపెట్టుకో.

లాగడం ఒక్కటే అయితే కొత్త గ్యాస్ హాఫ్ టన్ను బండ్లు లాగేస్తాయి, బ్రోషర్లో పది వేల పైన రాస్తారు, అబద్ధం కాదు. కానీ లాగే బరువు వేరు, మోసే బరువు వేరు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం దగ్గర బండి వీపు మీద పడుతుంది. 7,000కు అది 700 నుంచి 1,050. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద పసుపు తెలుపు స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అంకె ఉంటుంది, ఆ ఒక్క బండికే వర్తించే అంకె అది. హాఫ్ టన్ను బండి మీద 1,600 ఉందనుకో. హిచ్ మీద 900, బరువు సర్దే హిచ్ సామాను 100, నువ్వూ మీ ఆవిడా సహాయకుడూ కలిపి 500. ఇక మిగిలింది వంద. వెనకాల రెండు ఉల్లిపాయల బస్తాలు వేశావంటే అయిపోయింది. వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. తూకం తగ్గించాలని సామానంతా ట్రైలర్ వెనక్కి నెట్టావా, హిచ్ మీద పది శాతం కంటే తగ్గిపోయి ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అది ఇంకా ప్రమాదం.

అందుకే నా మాట ఇది. ఆ 2015 డీజిల్ వద్దు. ఆ కొత్త హాఫ్ టన్ను కూడా తొందరపడి వద్దు. త్రీ క్వార్టర్ టన్నులో, అంటే హాఫ్ టన్ను కంటే ఒక మెట్టు గట్టి రకంలో, గ్యాస్ ఇంజన్ బండి చూడు, రెండు మూడేళ్ల పాతది. ఫోర్డ్ ఎఫ్-250లో 2020 నుంచి 7.3 లీటర్ల గ్యాస్ ఇంజన్ ఉంది, షెవీ (షెవర్లే) 2500లో అదే ఏడాది నుంచి 6.6 గ్యాస్, ర్యామ్ 2500లో 6.4 హెమీ. మోసే బరువు చాలావాటికి 3,000 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. అదే బండి డీజిల్‌లో తీసుకుంటే ఇంజన్ బరువు ఎక్కువ కాబట్టి ఆ అంకె తగ్గుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. కొత్తదానిలో డీజిల్ ఇంజన్‌కే దాదాపు పది వేల డాలర్లు ఎక్కువ. ఈ గ్యాస్ బండ్లకు ఇంజన్ వారంటీ మామూలుగా 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు, మూడేళ్ల బండి 35,000 మైళ్లు తిరిగుంటే నీకింకా కొంత మిగులుతుంది. పైగా అది ఏ చిన్న షెడ్డులోనైనా బాగయ్యే ఇంజన్. నాలుగు నెలల క్రెడిట్ హిస్టరీతో కొత్త బండికి డీలర్ దగ్గర లోను వడ్డీ మండిపోతుంది, ముందు దగ్గర్లోని క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) అడుగు. స్థలం డబ్బులో సగం పెట్టి, మిగతా సగానికి లోను తీసుకుని నెలనెలా కట్టుకుంటూ పోతే క్రెడిట్ కూడా పెరుగుతుంది. డబ్బంతా బండిలో పెట్టేస్తే ట్రైలర్‌లో ఫ్రిజ్ పాడైన రోజు ఎవరినడుగుతావు?

డీజిల్ దండగ అని నేను అనడం లేదు. పదిహేను వేల పౌండ్లు ఎత్తుకుని కొలరాడో కొండలెక్కేవాడు, నెలకు మూడు నాలుగు వేల మైళ్లు హైవే మీద లాగేవాడు డీజిలే కొనాలి. ఎత్తులో టర్బో బలం పెద్దగా తగ్గదు, ఎగ్జాస్ట్ బ్రేకు దిగుడులో బ్రేకుల ప్రాణం కాపాడుతుంది. డాలస్ చుట్టుపక్కల నీకెక్కడ కొండలు?

ఇంత చెప్పినా ఆ 2015దే చూస్తానంటే, ఉత్త చేతులతో వెళ్లకు. పొద్దున్నే వెళ్తానని చెప్పు, నువ్వొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే వెనక్కి వచ్చెయ్, చల్లటి ఇంజన్ ఎలా లేస్తుందో నీకు చూపించడం అతనికి ఇష్టం లేదు. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ కంత మీదే ఊరికే పెట్టు. ఆటోనగర్‌లో మా మేస్త్రీ చేసే మొదటి పని ఇదే. కొద్దిగా ఆవిరి వస్తే పర్వాలేదు, మూత టకటకా కొట్టుకుని ఎగిరిపడుతోందంటే పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి కిందికి తోసుకొస్తోంది, ఇంజన్ బోరుకొచ్చినట్టే. తర్వాత ఇంజన్ ఆపి, చల్లారాక, సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి రాయి. డీపీఎఫ్ సరిగ్గా ఉన్న బండిలో వేలికి పెద్దగా ఏమీ అంటదు. నల్లగా మసి అంటిందంటే దాన్ని కోసేశారు, లేదా అది పగిలింది. కోసేసిన బండిని చాలామంది గొప్పగా చెప్పి అమ్ముతారు, బలం పెరిగిందంటారు. ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు, నువ్వు కొత్తగా వచ్చినవాడివి, ఆ తలనొప్పి నీకెందుకు?

హై ప్రెషర్ పంపు ఏ రకమో కూడా అడుగు. 2011 నుంచి 2016 దాకా వచ్చిన షెవీ డీజిల్ ఇంజన్ డ్యూరామ్యాక్స్‌లో, 2011 తర్వాతి ఫోర్డ్ 6.7 లీటర్ల డీజిల్‌లో సీపీ4 అనే పంపు ఉంటుంది, అది అరిగి పోయిందంటే ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పాకుతుంది, వేల డాలర్ల పని. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు, కొట్టి రీకాల్స్ చూడు. టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి) అని ఉందేమో చూడు, హ్యూస్టన్ వరదల్లో మునిగిన బండ్లు తుడిచి అమ్మినవి కూడా ఉంటాయి, సీట్ల కింద పట్టాల తుప్పు చూస్తే తెలుస్తుంది. కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు అమ్మేవాడితో కలిసి వెళ్లి టైటిల్ మార్పించుకో. పన్ను 6.25 శాతం. ధర తక్కువ రాయించుకుందామని ఎవరైనా అంటే వినకు, టెక్సస్‌లో ఆ బండికి వాళ్లు కట్టిన విలువలో 80 శాతానికైనా పన్ను లెక్కేస్తారు.

హెచ్1బీ మీద ఉండి ఇది చదివే తమ్ముళ్లకు ఒక మాట, ప్రశ్న అడిగిన ఈ తమ్ముడు గ్రీన్ కార్డు మీద వచ్చాడు కాబట్టి ట్రైలర్ పెట్టుకోగలుగుతున్నాడు, మీరు శని ఆదివారాలకైనా ఇలాంటిది మొదలుపెట్టొద్దు.

తమ్ముడూ, ఈ వారం ఒక పని చెయ్. ట్రైలర్‌లో సామానంతా ఎక్కించి, నీళ్లు నింపి, ఎవరిదైనా గట్టి బండి అడిగి తీసుకుని ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేలు అనే కాటా మీదికి ఎక్కించు, పదో పదిహేనో డాలర్లు తీసుకుని ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్ వేర్వేరుగా తూకం వేసి చీటీ ఇస్తారు. తర్వాత ట్రైలర్ విప్పి బండిని ఒక్కదాన్నే ఇంకోసారి ఎక్కించు, రెండు చీటీల తేడాలో హిచ్ మీద ఎంత పడుతోందో తేలిపోతుంది. టెక్సస్‌లో ట్రైలర్ 4,500 పౌండ్లు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలి, అవీ ఉన్నాయో లేదో అప్పుడే చూసుకో. ఆ రెండు చీటీలూ, నువ్వు చూస్తున్న బండ్ల తలుపు స్టిక్కర్లూ ఫోటో తీసి పెట్టు. ఇరవయ్యో తేదీ దాకా నేనిక్కడే ఉంటాను, నాన్న దగ్గర కూర్చుని చూసి చెబుతాను.