పాత పద్యాలను అచ్చువేసేటప్పుడు జవాబు పద్యాన్ని అసలు పద్యం పక్కన వెయ్యాలా, జవాబు రాసిన కవి పద్యాల్లో విడిగానా? రాతప్రతి, శీర్షిక, సిరామరక అనే మారుపేర్లతో ముగ్గురి చర్చ ఇది.

రాతప్రతి: 18వ శతాబ్దపు ఇంగ్లండులో ప్రేమపద్యాలు చేతిరాత కాగితాల మీద చేతులు మారేవి. వెనకే వాటి జవాబులూ తిరిగేవి. నచ్చినవాళ్లు రెండిటినీ తమ పద్యాల పుస్తకంలోకి ఎత్తి రాసుకునేవారు. లేడీ హెర్ట్‌ఫర్డ్ పేరున ప్రచారమైన పద్యాన్నీ, దానికి లార్డ్ విలియం హామిల్టన్ తరఫున ఆంగ్ల కవయిత్రి లేడీ మేరీ వర్ట్‌లీ మాంటేగ్యూ రాసిన జవాబునీ చూడండి. నా కళ్లు ఎన్నోసార్లు చెప్పాయి, నోరు విప్పడం నీ వంతు అంటుంది హెర్ట్‌ఫర్డ్ పద్యం. జవాబు అదే నడక పట్టుకుని, నీ సిగ్గు చూసి మేమే ఊహించుకోవాలి, రాయడం, వెంటపడటం మా పని అని మాటకు మాట అప్పజెబుతుంది. చెట్టు ఊపకుండానే రాలే పండు నాకు మరీ మగ్గిపోయినట్టే అని ముగుస్తుంది. మొదటిది చదవనివాడికి ఈ దెబ్బ ఎవరికి తగిలిందో ఏం తెలుస్తుంది? పక్కపక్కనే వెయ్యాలి.

శీర్షిక: నేనొప్పుకోను. జంటగా వేస్తే జవాబు హామిల్టన్ గొంతులోనే వినబడుతుంది. మగవాడి మాటల్లో అంత కటువుగా రాసింది ఒక స్త్రీ. ఆ సంగతి ఆమె మిగతా పద్యాల మధ్య పెడితేనే తెలుస్తుంది.

సిరామరక: ముందు రాతప్రతిలో పద్యానికి పెట్టిన కవి పేరును నమ్మొచ్చో లేదో చూడండి. ఏ పుస్తకంలోనైనా పేరు సిరా, పాళీ మందం పద్యంతో కలవకపోయినా, వరసల మధ్య ఇరికించినట్టున్నా, అది తర్వాత ఎవరో విన్నమాట రాసింది కావచ్చు. కాగితంలో నీటిగుర్తు (వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే తయారీ గుర్తు) ఉన్నా అందులో సంవత్సరం ఉంటుందనుకోకండి, ఇంగ్లిష్ కాగితంలో సంవత్సరం వెయ్యడం మామూలైంది 1794 చట్టం తర్వాతే. అంతకు ముందువాటిని తేదీ ఉన్న ఉత్తరాల కాగితంతో పోల్చాలి. అప్పుడు తెలిసేదీ కాగితం వయసే, రాత వయసు కాదు. ఖాళీ పుస్తకాన్ని ఏళ్ల తరబడి నింపేవారు.

ఎక్కువమంది దెబ్బతినేది అచ్చు నుంచి ఎత్తిరాసిన ప్రతుల దగ్గర. 1731లో మొదలైన లండన్ మాసపత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌తోనో, 1748 నాటి డాడ్స్‌లీ పద్య సంకలనంతోనో కామాలు, పేర్లలో అక్షరాల బదులు పెట్టిన గీతలు అచ్చంగా సరిపోతే ఆ ప్రతిని విడి సాక్ష్యంగా లెక్కపెట్టకూడదు. ఇంకొకటి, పద్యాలను మొదటి పంక్తిని బట్టి చూపే సూచికనే నమ్ముకుంటే ప్రతులు జారిపోతాయి. ఎత్తిరాసేవాళ్లు ఆ పంక్తిలోని ప్రియుడి పేరు మార్చేస్తారు. చివరి పంక్తినీ, ప్రాసమాటల్నీ కూడా వెతకాలి.

శీర్షిక: పేరు రుజువయ్యాకే వేద్దాం. మేరీ సంపుటంలో అసలు పద్యాన్ని అడుగున చిన్న అక్షరాల్లో ఇస్తే చాలదా?

రాతప్రతి: చాలదు శీర్షిక గారూ, అడుగున వేసింది ఎవరూ చదవరు. ఆమె సంపుటంలోనే వెయ్యండి, కానీ ఎదురెదురు పేజీల్లో: ఎడమ పక్క అసలు పద్యం 16 పంక్తులు, కుడి పక్క జవాబు 12, రెండూ ఒకే సైజు అక్షరాల్లో. రాసిందెవరో జవాబు నెత్తిమీదే చెప్పండి.