క్యాథలిక్ అమ్మాయిలకు విడిగా సొరోరిటీ: 1912లో పెట్టడం సబబేనా?

నీలిసిరా:
మా అన్నయ్య కూతురు అమెరికాలో డిగ్రీ చదువుతోంది. మొన్న ఫోన్లో సొరోరిటీలో చేరాలనుకుంటున్నానంది. అంటే ఏంటే అని అడిగితే, గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే అమ్మాయిల సంఘం బాబాయ్, నేను చూస్తున్నది థీటా ఫై ఆల్ఫా, ఒకప్పుడు క్యాథలిక్ అమ్మాయిలకే ఉండేది, ఇప్పుడు ఎవరినైనా తీసుకుంటారు అంది. మేం హిందువులం, దానికి మాకేం అభ్యంతరం లేదు. కానీ చరిత్ర చదివాక నాకో సందేహం. ఇది 1912 ఆగస్టు 30న యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీలో మొదలైంది. అది సర్కారు యూనివర్సిటీ, చర్చిది కాదు. అందరూ కలిసి చదువుకునే చోట ఒక మతం పిల్లలకు వేరు కుంపటి ఎందుకు? నాకైతే నచ్చలేదు. మీరేమంటారు?

ఫిరంగిపురం అమ్మాయి:
వేరు కుంపటి అనే ముందు ఉమ్మడి వంటింట్లోకి రానిచ్చారా లేదా అడగండి సార్. మిషిగన్ 1870లోనే ఆడపిల్లలను చేర్చుకుంది, నిజమే, కానీ క్లాసులో సీటివ్వడం వేరు, ఇంట్లోకి పిలవడం వేరు. సొరోరిటీ అంటే మీటింగులు పెట్టుకునే క్లబ్బు మాత్రమే కాదు, చాలాచోట్ల కలిసి ఉండే ఇల్లు కూడా. ఉన్న సభ్యులు ఒప్పుకుని పిలిస్తేనే కొత్తవాళ్ళు చేరాలి. ఆ రోజుల్లో క్యాథలిక్ అమ్మాయిలకు ఆ పిలుపు అందడమే కష్టం. వాళ్ళకొక్కళ్ళకే కాదు, 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు, 1909లో బర్నార్డ్ కాలేజీలో యూదు అమ్మాయిలు ఆల్ఫా ఎప్సిలాన్ ఫై పెట్టుకున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి మూడు రకాల ఆడపిల్లలు సొంత ఇల్లు చూసుకున్నారంటే తప్పు వాళ్ళదంటారా?

లెక్కల మాస్టారు:
అమ్మా, మీరు చెప్పిన మిగతా రెండూ అమ్మాయిలే పెట్టుకున్నారు. దీనికి మొదట విత్తనం వేసింది ఒక ఫాదర్. క్యాథలిక్ విద్యార్థుల చాపెల్ చూసుకునే ఎడ్వర్డ్ కెల్లీ గారు 1909లోనే ఒమేగా అప్సిలాన్ అని ఒకటి మొదలుపెట్టారు. పిల్లలు ఏ ఇళ్ళ నుంచి వచ్చారో అలాంటి క్యాథలిక్ ఇల్లు చదువుకునే చోట కూడా ఉండాలని ఆయన ఉద్దేశం. చదవడానికి బాగానే ఉంది కానీ, నాకైతే అందులో పిల్లలు చెయ్యి దాటిపోతారన్న భయమే ఎక్కువ కనిపిస్తోంది. బయటివాళ్ళు తలుపేశారు సరే, లోపల గడియ పెట్టిందెవరు?

వాన చినుకు:
ఆ భయం ఊరికే రాలేదు మాస్టారూ. అదే మిషిగన్‌లో 1920లో పిల్లలందరూ సర్కారు బడికే వెళ్ళాలని, అంటే చర్చి బడులు మూతపడాలని, ఏకంగా రాష్ట్ర రాజ్యాంగం మార్చడానికి ఓటింగు పెట్టారు. ఓడిపోయింది, అయినా ఊరుకోక 1924లో మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఓడింది. ఆరెగాన్‌లో అయితే 1922లో అలాంటి చట్టం గెలిచేసింది కూడా, 1925లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

లెక్కల మాస్టారు:
1920లో జరిగింది 1912కి కారణం ఎలా అవుతుందండీ? తేదీలు చూసుకోండి.

వాన చినుకు:
కారణం అనలేదు. ఆ గాలి ఎటు వీచేదో చెప్పాను. ఆ ఓట్లు రాత్రికి రాత్రి పుట్టినవి కావు కదా.

ఫిరంగిపురం అమ్మాయి:
మాస్టారూ, ఫాదర్ గారి కథ సగంలో ఆపేశారు. ఆయన డెట్రాయిట్‌కు సహాయ బిషప్‌గా వెళ్ళిపోయాక ఒమేగా అప్సిలాన్ నీరసపడింది. అప్పుడు ఆయన సాయమడిగింది అదే యూనివర్సిటీలో ఎప్పుడో చదువు ముగించిన అమీలియా మెక్‌స్వీనీని. ఆవిడా ఇంకో తొమ్మిదిమందీ కూర్చుని దాన్ని థీటా ఫై ఆల్ఫాగా మళ్ళీ కట్టారు. ఫాదర్ చేతిలో ఉన్నంతకాలం ఊగిసలాడింది, ఆడవాళ్ళ చేతికొచ్చాక వందేళ్ళు దాటి నడుస్తోంది. ఇక వాళ్ళు ఆదర్శంగా పెట్టుకున్నది ఎవరిని? పునీత (సెయింట్) సియెన్నా కేథరిన్‌ను. రోము వదిలి ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో కూర్చున్న పోపుకే ఉత్తరాలు రాసి రోముకు తిరిగి రమ్మని పోరిన మనిషి. చెప్పినట్టు వినే ఆడపిల్లలే కావాలనుకుంటే ఈవిడ బొమ్మ పెట్టుకుంటారా? మాది ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబం, చిన్నప్పుడు సిస్టర్ల హాస్టల్లో ఉన్నాను, గేటు తాళం గురించి మాస్టారి బాధ నాకూ తెలుసు, సాయంత్రం ఆరు దాటితే బయటికి చూడ్డం కూడా నేరమే. కానీ అక్కడ లేకపోతే నేను ఇంటర్ చదివేదాన్నే కాదు. రెండూ నిజమే.

కోఠి చాయ్:
మన దగ్గర మాత్రం లేవా. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లో వచ్చింది, పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఉండే దిక్కు లేకే కదా. అలాంటివాటి వల్ల ఎంతమంది చదువుకున్నారో అందరికీ తెలుసు, తర్వాత కులం లెక్కలు ఎంత గట్టిపడ్డాయో అదీ తెలుసు. నన్నడిగితే పెట్టడం తప్పు కాదు. అవసరం తీరాక తలుపు తెరిచారా లేదా అనేదే అసలు పాయింటు.

నీలిసిరా:
ఆ లెక్కన వీళ్ళు పాసైనట్టేనండీ. బోస్టన్ యూనివర్సిటీలో పుట్టిన పై లామ్డా సిగ్మా అనే ఇంకో క్యాథలిక్ సొరోరిటీని 1952లో కలుపుకున్నారు, 1968లో మతం నిబంధనే తీసేశారు. నా మొదటి మాట కొంచెం తగ్గించుకుంటున్నా.

లెక్కల మాస్టారు:
యాభై ఆరేళ్ళు పట్టింది తలుపు తెరవడానికి! మిగతా సొరోరిటీలు క్యాథలిక్ పిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టాక, మనకే పిల్లలు దొరకరని తెరిచి ఉంటారని నా అనుమానం. పైగా మతం నిబంధన తీసేశాక పునీతురాలెందుకు మరి?

ఫిరంగిపురం అమ్మాయి:
ఎందుకంటే ఆవిడ వాళ్ళ ఇంటి పెద్ద కాబట్టి. ఒక తమాషా చెప్తాను. కేథరిన్ పండుగ అప్పట్లో ఏప్రిల్ 30. 1969లో చర్చి తన కేలెండర్‌ను సవరించి దాన్ని ఏప్రిల్ 29కి జరిపింది. వీళ్ళు మాత్రం వ్యవస్థాపకుల రోజు ఇప్పటికీ 30నే చేసుకుంటారు. చర్చి చెప్పిందల్లా వినే సంఘమైతే తేదీ మార్చుకునేవాళ్ళే.

లెక్కల మాస్టారు:
తేదీ మార్చకపోవడం తిరుగుబాటా, బద్ధకమా?

నీలిసిరా:
మా పిల్లకి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఇదంతా సరే బాబాయ్, చేరితే కట్టాల్సిన ఫీజు సంగతి నాన్నతో నువ్వు మాట్లాడతావా అంది. ఇప్పుడు టెన్షన్ నాకు.