మా కాలవ మీద నడక వంతెన: మళ్ళీ చెక్కేనా, స్లాబా?

గుణదల_శీను:
మా కాలనీ వెనక కాలవ మీద నడక వంతెన 2017లో అందరం చందాలేసుకుని వేయించాం, టేకు పలకలని చెప్పారు, రేటు కూడా టేకుదే తీసుకున్నారు. మొన్న వానలకి పాలకి వెళ్తున్న పెద్దాయన కాలు పలకలోంచి కిందకి దిగిపోయింది, మోకాలి దాకా గీరుకుపోయి పాపం ఇంకా నడవలేకపోతున్నాడు. పైనుంచి చూస్తే బానే ఉంది, కింద చెయ్యి పెడితే పొట్టులా రాలుతోంది. నేనైతే స్లాబ్ వేసేద్దామంటున్నా. మన వాతావరణానికి చెక్క పనికిరాదు. మీరేమంటారు?

అడితి_వాసు:
అన్నా ఫొటోలు చూశా. టేకే, కానీ సగం పలకల్లో చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క, లేదు, అంచులన్నీ బెరడు పక్కనుండే లేత తెల్ల చెక్క, అది టేకుదైనా ఇంకోదైనా బయట నిలవదు. దానికి తోడు పలకకీ పలకకీ మధ్య సందు లేకుండా బిగించేశారు, అందులో మట్టీ ఆకులూ ఇరుక్కుని వాన ఆగిన వారానికి కూడా ఆరదు. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుళ్ళు పట్టదు, 30 దగ్గర అలా నిలబడిపోతే బూజు లోపల తినడం మొదలుపెడుద్ది. మన దగ్గర మే నెల ఎండకి పలక నెర్రెలిస్తుంది, జూన్ నుంచి ఆ నెర్రెల్లోకే నీళ్ళు దిగుతాయి. పైన రంగేస్తే ఆగుద్దనుకుంటారు, రంగు కూడా పగిలాక నీళ్ళు లోపలికెళ్ళి బయటికి రావు, ఇంకా తొందరగా పోద్ది. తప్పు చెక్కది కాదన్నా, పనిది.

గుణదల_శీను:
తమ్ముడూ నువ్వు చెప్పినంత జాగ్రత్తగా చేసే మేస్త్రి ఎక్కడ దొరుకుతాడు?

తాడేపల్లి_సుజాత:
శీను గారూ, నేను సివిల్ సైట్లలో పదకొండేళ్ళు చేశాను. స్లాబైనా కవర్, అంటే ఊచ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, సరిగ్గా ఇవ్వకపోతే లోపల ఊచ తుప్పు పట్టి పెచ్చులూడుతుంది, పైగా ఆ బరువుకి మీ మట్టి గట్టు ఆగుతుందో లేదో చూపించుకోకుండా వెయ్యొద్దు. చెక్క వందల ఏళ్ళు నిలిచిన చోట్లున్నాయి. స్విట్జర్లాండ్ లూసర్న్‌లో 14వ శతాబ్దం నాటి చెక్క వంతెనకి పైకప్పుంది, వాన పలక మీద పడదు. 1993లో చాలా భాగం కాలిపోతే మళ్ళీ చెక్కతోనే కట్టారు. బర్మాలో మాండలే దగ్గర ఊబెయిన్ వంతెన కిలోమీటరు పైన టేకుది, 19వ శతాబ్దం మధ్యలోది, కానీ అక్కడ కూడా పాడైన స్తంభాలు కొన్ని తీసి కాంక్రీటువి పెట్టారు. అంటే మారుస్తూ ఉంటేనే ఉంటుంది.

అడితి_వాసు:
మందు పట్టించిన కలప కూడా ఉంది కదా మేడమ్. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ప్రెజర్‌తో ఎక్కించే మందు మన దేశంలోనే, డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సొంటి కామేశం గారు 1933లో కనిపెట్టింది. మామూలు చెక్క కూడా దాంతో చాలా ఏళ్ళు వస్తుంది.

తాడేపల్లి_సుజాత:
అవును, కానీ అందులో ఆర్సెనిక్ ఉందనే అమెరికాలో 2003 చివర్లో ఇళ్ళ వాడకానికి ఆపేశారు. పిల్లలు చేతులు పెట్టే రైలింగ్‌కి నేను ఒప్పుకోను, కింద దూలాలకి ఆలోచించొచ్చు. శీను గారూ, దూలాలు చూశారా? గట్టు మట్టిలోకి దిగిన చివరలే ముందు పోతాయి, నీళ్ళలో పూర్తిగా మునిగున్నది గాలి లేక ఆగుద్ది గానీ తడీ పొడీ మారే చోటు ఆగదు.

గుణదల_శీను:
పొద్దున్నే స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి గుచ్చి చూశానండీ. నడిమి దూలాలు రాయిలా ఉన్నాయి, మట్టిలోకి దిగిన నాలుగు చివర్లూ రెండంగుళాలు మెత్తగా దిగిపోయింది. వంతెనకి రెండు పక్కలా తాడు కట్టి వచ్చా, ఎవర్నీ నడవనివ్వట్లేదు. గట్టు దగ్గర కాంక్రీటు దిమ్మెలు పోసి దూలాల చివర్లు మట్టికి తగలకుండా పైకి లేపి, చేవ పలకలు వేలెడు సందుతో స్క్రూలతో బిగిస్తే, ఒక పలక పోయినా ఆ ఒక్కటే మార్చుకోవచ్చు కదా. ఆదివారం మీటింగ్‌లో ఈ మాట పెడతా. వాసూ, పలకలు దించేటప్పుడు నువ్వే వచ్చి చేవ చూసి పెట్టాలి, ఈసారి ఎవరి మాటా నమ్మను.