వేడి సాంబారు కవర్లలో కట్టడం మానాలంటే ఎలా?

సామర్లకోట_కర్రీస్:
అందరికీ నమస్కారం. మా వారూ నేనూ కర్రీ పాయింట్ నడుపుతున్నాం. పొయ్యి మీంచి దించిన సాంబారు పల్చటి కవర్లో పోసి, మూతి మెలితిప్పి రబ్బరు బ్యాండు వేస్తాం. ఆ వేడికి కవరు మెత్తబడి సాగుతుంది. అదే సాంబారు చిన్నపిల్లలు అన్నంలో కలుపుకుంటారంటే మనసు ఒప్పుకోవట్లేదు. 2022 జులై 1న నిషేధం వచ్చాక థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ స్పూన్లు మానేసి విస్తరాకులు పెట్టాం. పులుసులకే దారి దొరకట్లేదు. నల్ల డబ్బాలు వాడితే అదీ ప్లాస్టిక్కే, పైగా ఖర్చు. పప్పు ఒక్కటి కొనుక్కుని వెళ్లే కూలీల మీద ఆ భారం వేయలేను. ఏం చేయమంటారు?

గోదావరి_క్యాటరింగ్:
అక్కా, పేపర్ కప్పుల జోలికి మాత్రం వెళ్లొద్దు. తడి ఇంకకుండా లోపల సన్నటి ప్లాస్టిక్ పొర వేస్తారు. అందులో 100 మి.లీ. వేడినీళ్లు పావుగంట ఉంచితే దాదాపు 25 వేల ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చెప్పారు. వేపుళ్లు అరటాకులో కట్టేయండి. పులుసులకు గిన్నె తెచ్చుకోమనడమే మేలు.

ఎడిసన్_తెలుగు:
మా న్యూజెర్సీలో 2022 మే 4 నుంచి ఫోమ్ డబ్బాలు బంద్. అంతకుముందు బిర్యానీ తెల్ల ఫోమ్ డబ్బాలో వచ్చేది, ఇప్పుడు నల్ల ప్లాస్టిక్ డబ్బాలో వస్తోంది. మా ఇంట్లో ఆ డబ్బాలు అలమర నిండా పేరుకుపోయాయి. మీరు ఆ దారి పట్టకండి.

మెస్_భోజనం:
గిన్నె తెస్తే కొలత గొడవ వస్తుందండీ. కవర్లో నిండుగా కనిపించేది పెద్ద గిన్నెలో అడుగున ఉంటుంది. తక్కువ పోశారంటారు. అందరి ఎదురుగా ఒకే స్టీలు గ్లాసుతో కొలిచి పోయండి. ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాళ్లకు స్టీలు డబ్బా ఇచ్చి డిపాజిట్ తీసుకోండి.

సామర్లకోట_కర్రీస్:
కొలత గ్లాసు మాట బాగుంది, రేపే కొంటాను. గిన్నె తెచ్చినవాళ్లకి ఒక గరిటె ఎక్కువ పోస్తామని బోర్డు కూడా రాయిస్తాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు దాదాపు అందరూ తెస్తారు, ఆ నమ్మకం ఉంది. రైలు దిగి వచ్చేవాళ్లకే డిపాజిట్ డబ్బాలు పెట్టాలి. డబ్బా తిరిగి రాకపోతే నష్టం రాకుండా డిపాజిట్ ఎంత పెడుతున్నారో, ఇప్పటికే ఇలా చేస్తున్నవాళ్లు చెప్పండి.